మన బాస్కెట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు పోయిందా?

మిర్యాలగూడ తమ్ముడు:
అన్నలూ, ఒక డౌట్. ఇండియా బాస్కెట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ ఆడిందని మా బాపు అంటాడు. నేను నమ్మక చాయ్ పందెం కాశాను. మా బడి గ్రౌండ్‌లో రింగు తుప్పు పట్టి వంగిపోయింది, దానికి వల ఉండగా నేనెన్నడూ చూడలేదు. నిజమేనా?

పాలమూరు పాత పీఈటీ:
చాయ్ పోయించు తమ్మీ, మీ బాపే గెలిచాడు. 1980, మాస్కో. ఆ ఒక్కసారే. అదీ అమెరికా వగైరా దేశాలు బహిష్కరిస్తే దొరికిన చోటు. ఆడిన అన్ని మ్యాచ్‌లూ ఓడి, 12 జట్లలో 12వ స్థానం. అయినా నేను తీసిపారేయను. మన గ్రూపులోనే సోవియట్ జట్టు, తలెత్తి చూస్తే మెడ పట్టేసే మనుషులు! ఆసియా ఛాంపియన్‌షిప్‌లోనైతే 1975లో నాలుగో స్థానం.

మిర్యాలగూడ తమ్ముడు:
చైనాను ఎప్పుడైనా కొట్టామా సార్?

పాలమూరు పాత పీఈటీ:
2014 ఆసియా కప్‌లో, వుహాన్‌లో, వాళ్ల సొంత గడ్డ మీదే. 65-58. చైనా అసలు జట్టును దింపలేదని కొందరు సణుగుతారు. సణగనీ. ప్రపంచకప్ గడప మాత్రం ఇంకా తొక్కలేదు.

మిర్యాలగూడ తమ్ముడు:
చాయ్ పోయించాను. చైనా ముచ్చట చెప్పగానే బాపు ఇంకో చాయ్ చెప్పమన్నాడు, అదీ నా ఖాతాలోనే.