ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో మా ఊరి పాత కాగితాలు చూడాలంటే ఎలా?

అడిగినవారు:
అందరికీ నమస్తే. నేను పెరంబూరులో ఉంటాను, ప్రైవేటు ఉద్యోగం, యూనివర్సిటీతో ఏ సంబంధమూ లేదు. మాది తెనాలి దగ్గర ఒక పల్లె. మా తాతల నాడు చెరువు తాలూకు ఇనాం భూమి ఉండేదని మా నాయనమ్మ చెప్తుండేది, కాగితాలు మాత్రం ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. ఎగ్మోర్ స్టేషన్ దగ్గర గాంధీ ఇర్విన్ రోడ్డులో తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది కదా, ఆ ఎర్ర బిల్డింగ్ ముందునుంచే రోజూ ఆఫీసుకి వెళ్తాను, ఇంతవరకు లోపల అడుగు పెట్టలేదు. ఊరి పేరు చెప్తే ఫైలు తీసిస్తారా? ఏమేం పట్టుకెళ్లాలి? లీవు పెట్టుకుని వెళ్లాలి కాబట్టి కొంచెం వివరంగా చెప్పండి.

పాత పరిశోధకురాలు:
అక్కడ చాలాకాలం కూర్చుని పనిచేశానండి, మీలా సొంతూరి కోసం వచ్చేవాళ్లని చూస్తే నాకు చాలా సంతోషం. ముందు ఒక్క విషయం తెలుసుకోండి, ఊరి పేరు చెప్తే ఫైలు రాదు. కాగితాలు ఊరి వరసలో ఉండవు, ఏ ఆఫీసు రాసిందో ఆ ఆఫీసు వరసలో, ఏ తేదీన రాసిందో ఆ తేదీ వరసలో ఉంటాయి. భూమి సంగతులు ఎక్కువగా బోర్డ్ ఆఫ్ రెవెన్యూ కాగితాల్లో దొరుకుతాయి, ఆ బోర్డు 1786లో పెట్టారు, కలెక్టరు బోర్డుకి ఉత్తరం రాస్తాడు, బోర్డు దాని మీద ఏదో ఒకటి తేల్చి నంబరు వేస్తుంది, దాన్నే బీ.పీ. నంబర్ అంటారు, అంటే బోర్డ్ ప్రొసీడింగ్స్. ప్రభుత్వం దాకా వెళ్తే జీ.ఓ. నంబర్, అంటే ప్రభుత్వ ఉత్తర్వు నంబరు. ఏడాదికో ఇండెక్స్ ఉంటుంది. మీరు మొదట అడగాల్సింది ఆ ఇండెక్సే, ఫైలు కాదు. ఇండెక్స్‌లో నంబరు, తేదీ పట్టుకుంటే అది మీరు స్లిప్ మీద రాసివ్వాలి, వాళ్లు లోపల్నుంచి కట్ట తెచ్చిస్తారు.

ఇక్కడ అందరూ దెబ్బతినేది జిల్లా పేరు దగ్గర. 1840ల నాటి ఒక కాలువ తగాదా కోసం నేను గోదావరి జిల్లా అని మూడు రోజులు వెతికాను, ఒక్క ముక్క దొరకలేదు, కళ్లనీళ్లొచ్చాయి. తర్వాత పక్క టేబుల్ దగ్గరున్న పెద్దాయన చెప్పారు, 1859కి ముందు గోదావరి జిల్లా అనేదే లేదమ్మా, రాజమండ్రి కింద చూడు అని. చూస్తే పదిహేను నిమిషాల్లో దొరికింది. మీ తెనాలి వైపు ఇంకా తిరకాసు. 1859 దాకా గుంటూరు, అప్పుడు గుంటూరుని కలిపేసి కృష్ణా జిల్లా చేశారు, మళ్లీ 1904లో గుంటూరు విడిగా వచ్చింది. అంటే 1880 కాగితం గుంటూరు కింద వెతికితే దొరకదు, కృష్ణా కింద చూడాలి, అదీ ఇంగ్లీషులో కిస్ట్నా అని రాసుంటుంది. తాలూకా రేపల్లె అని ఉన్నా మీదే అయ్యుండొచ్చు, వదిలెయ్యకండి. ఊరి పేరు కూడా ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాసుకుని పెట్టుకోండి, ఏలూరుని ఎల్లోర్ అని, మచిలీపట్నాన్ని మసూలిపటం అని రాసినవాళ్లు మీ పల్లె పేరు ఎలా రాసుంటారో ఊహించాలి.

అడిగినవారు:
అక్కా, ఇంత ఓపిగ్గా చెప్పినందుకు చాలా థాంక్స్. నేను నేరుగా వెళ్లి కౌంటర్ దగ్గర ఊరి పేరే చెప్పేవాడిని. మరి ఇనాం అంటే ఏ సంవత్సరం చూడాలి?

రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి:
బాబూ, నేను గుంటూరు జిల్లాలో రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు మా అబ్బాయి దగ్గర అంబత్తూరులో ఉంటున్నాను. ఇనాం అంటే నువ్వు చూడాల్సింది ఇనాం ఫెయిర్ రిజిస్టర్, మేం ఐ.ఎఫ్.ఆర్. అంటాం. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ 1858లో వేశారు, ఊరూరా ఎవరి దగ్గర ఏ ఇనాం ఉంది, ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని విచారించి రాశారు. ఒక్కో ఇనాంకి పేజీ అడ్డంగా గళ్లు ఉంటాయి. విస్తీర్ణం, దానం చేసినవాడి పేరు, మొదట పుచ్చుకున్నవాడి పేరు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడి పేరు, వయసు, అతను మొదటివాడికి ఏమవుతాడు, చివర్న కమిషన్ తీర్పు, టైటిల్ డీడ్ నంబర్. ఇంట్లో వంశవృక్షం పోయినవాళ్లకి ఆ వయసు, చుట్టరికం గళ్లు బంగారం. నా సర్వీసులో ఒక ముసలాయనకి ఆ పేజీ చదివి వినిపిస్తే తన తాతకి తాత పేరు విని లేచి దణ్ణం పెట్టాడు.

అయితే ఆ రిజిస్టర్ కోసం ఎగ్మోర్ వెళ్లకు. 1953లో మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక మన జిల్లాల ఊరి స్థాయి రికార్డులు చాలావరకు హైదరాబాదుకి, తార్నాక ఆర్కైవ్స్‌కి వెళ్లాయి. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయో లేదో కనుక్కుని, ముందు ఐ.ఎఫ్.ఆర్. నకలుకి దరఖాస్తు పెట్టుకో. ఆ పేరు, టైటిల్ డీడ్ నంబర్ చేతికొచ్చాక ఎగ్మోర్‌లో బోర్డు కాగితాలు చూస్తే అప్పుడు పని సులువు. చెరువు తాలూకు ఇనాం అన్నావు, అది దశబంధం ఇనాం కూడా అయ్యుండొచ్చు. చెరువు తవ్వించినందుకో, మరమ్మతు చూసుకుంటున్నందుకో ఇచ్చేవాళ్లు, రాయలసీమ వైపు ఈ మాట ఎక్కువ వినపడుతుంది. మీది డెల్టా కాబట్టి 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక మీ పొలం కాలువ కిందకి మారిపోయి ఉండొచ్చు, తర్వాతి కాగితాల్లో చెరువు మాట కనపడకపోతే కంగారు పడకు. ఇంకోటి, ఫసలీ సంవత్సరం, అంటే జూలై నుంచి జూన్ దాకా లెక్కేసే రెవెన్యూ సంవత్సరం కనపడితే 590 కలుపుకో. 1318 ఫసలీ అంటే 1908 జూలై నుంచి 1909 జూన్ దాకా.

ఇంకొకరు:
కోర్టు పని కోసమైతే ఫోటోలు, చేత్తో రాసుకున్న నోట్సు చెల్లవండి, సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి, దానికి దరఖాస్తు వేరు, ఫీజు వేరు. రీసెర్చి అని లోపలికెళ్లి తర్వాత సీలు వేసివ్వమని అడిగితే ఇవ్వరు.

అడిగినవారు:
కోర్టు కాదండి, భూమి ఎప్పుడో పోయింది. ఆ పేర్లు తెలుసుకోవాలని, అంతే.

బెంగళూరు నుంచి ఒకరు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇక్కడ ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) క్యాంపస్‌లో 2019లో కొత్తగా ఆర్కైవ్స్ మొదలుపెట్టారు, సైన్సు చరిత్రకి సంబంధించినవి, ఆ సంస్థ మొదలుపెట్టిన ఒబైద్ సిద్దిఖీ గారి కాగితాలు కూడా ఉన్నాయి, మామూలు జనం కూడా చూడొచ్చు. అక్కడ కేటలాగు ఆన్‌లైన్‌లోనే ఉంటుంది, ఇంట్లో కూర్చుని ఏం కావాలో వెతుక్కుని వెళ్లొచ్చు. ఎగ్మోర్‌లో కూడా అలాగే ఉంటుందని నేను అనుకున్నాను, అక్కగారి జవాబు చదివాక తేడా అర్థమైంది.

పాత పరిశోధకురాలు:
అవునండి, ఎగ్మోర్‌లో 1670ల నాటి కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) కాగితాల నుంచి ఉన్నాయి, అంత రాశికి ఇండెక్సే దారి.

సార్ చెప్పిందే సరైన వరస, ముందు తార్నాక, తర్వాత ఎగ్మోర్. ఈలోపు ఎగ్మోర్‌కి దరఖాస్తు పెట్టుకోండి. యూనివర్సిటీ వాళ్లు గైడ్ దగ్గర లెటర్ తెచ్చుకుంటారు, మీరు ముందు ఫోన్ చేసి ప్రైవేటు వ్యక్తిగా ఏం జతచెయ్యాలో కనుక్కుని వెళ్లండి, లీవు వృథా కాదు. దరఖాస్తులో పూర్వీకుల చరిత్ర అని ఊరికే రాయకుండా ఫలానా జిల్లా, ఫలానా సంవత్సరాలు, రెవెన్యూ కాగితాలు అని రాయండి. ఆధార్ జిరాక్స్, పెన్సిళ్లు, ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. పెన్ను పాత కాగితం దగ్గరకి తీసుకెళ్లొద్దు. ఫోన్‌తో ఫోటో తియ్యాలంటే అడక్కుండా తియ్యకండి.

కట్ట వచ్చాక తొందరపడకండి. ముడి మెల్లగా విప్పి, కాగితాన్ని టేబుల్ మీదే ఉంచి తిప్పాలి, చేత్తో పైకెత్తకూడదు. కొన్ని పేజీలకి పల్చటి షిఫాన్ గుడ్డ అంటించి ఉంటుంది, దాని కింద అక్షరాలు పొగమంచులో ఉన్నట్టుంటాయి, తల కాస్త పక్కకి వంచి వెలుతురు ఏటవాలుగా పడేట్టు చూస్తే చదవొచ్చు. కొన్నిచోట్ల సిరా కాగితాన్ని తినేసి అక్షరం ఉన్నచోట చిల్లు ఉంటుంది. అంచులు పొడిపొడిగా రాలుతుంటాయి. ఒక అంచు రాలితే అక్కడున్న ఊరి పేరో మనిషి పేరో ఇంకెవరికీ దొరకదు, దయచేసి ఆ జాగ్రత్త తీసుకోండి.

లైబ్రరీలో 1883 నాటి కృష్ణా జిల్లా మాన్యువల్ ఉందేమో అడిగి ముందు అది చదవండి, గార్డన్ మెకంజీ రాసింది, అప్పటి తాలూకాలు అర్థమవుతాయి. కొట్టూర్‌పురంలో అన్నా సెంటినరీ లైబ్రరీ బిల్డింగులో ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీ ఉంది, అక్కడ తెలుగు కైఫీయత్తులు ఉన్నాయి, అంటే కరణాల చేత రాయించిన ఊళ్ల చరిత్రలు, మీ ఊరిది ఉందేమో చూడండి, తెలుగులోనే చదువుకోవచ్చు.

రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి:
బాబూ, వెళ్లే ముందు ఇంటి పేరు, గోత్రం, ఆ చెరువు పేరు ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాసుకో. ఒకే ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరు ఇనాందార్లు ఉండటం చాలాసార్లు చూశాను, అప్పుడు చెరువు పేరుతోనే ఎవరు ఎవరో తేలుతుంది.

అడిగినవారు:
మా నాయనమ్మ చెల్లెలుగారు తెనాలిలోనే ఉన్నారు సార్, తొంభై దాటాయి. ఈ రాత్రే ఫోన్ చేస్తాను. చెరువు పేరు తెలియగానే ఇక్కడ పెడతాను, తార్నాక దరఖాస్తులో ఎలా రాయాలో అప్పుడు మీరే చెప్పాలి.