120 మంది చేత ఇంగ్లీషు మాట్లాడించడం ఎలా?

నేను డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకురాలిని. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువులు ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాయి కదా, మా తరగతిలో సగం మంది అంతవరకు తెలుగులో చదివినవారే. మొత్తం 120 మంది, పీరియడు 50 నిమిషాలు. హాజరుకే పది పోతాయి. మిగిలింది పంచితే తలకు 20 సెకన్లు! ఇద్దరిద్దరినీ మాట్లాడుకోమంటే క్షణంలో తెలుగులోకి, ఆపై సినిమాల్లోకి వెళ్లిపోతారు. ఆ గోలకు పక్క గది మాస్టారు వచ్చి మా గుమ్మంలో నిలబడతారు, ఏమీ అనరు, అదే ఇబ్బంది. రాయమంటే 120 పుస్తకాలు దిద్దడానికి ఆదివారం చాలదు. తీరా చూస్తే ముప్పై పుస్తకాల్లో ఒకే తప్పు: ‘ఐ హావ్’ అనాల్సిన చోట ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’.

పెద్ద తరగతులకు పాఠం చెప్పే విశ్వవిద్యాలయ అధ్యాపకులు ఎవరైనా ఉన్నారా? వెనక బెంచీల వారి నోరు ఎలా విప్పించారు? ఒకరి రాతను ఒకరి చేత దిద్దిస్తే నిజంగా పని జరుగుతుందా?