సమస్య: కరగకుండ రాయి కరిగిపోయె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది చివరి పాదం ఇచ్చాను. పూరించండి.

పెదవాల్తేరు సభ్యురాలు:

బిడ్డ యేడ్పు వినని పెద్దాయన మనసు
రాయి యనిరి జనులు, రాత్రికెల్ల
కన్ను తుడుచుకొనుచు కౌగిలించెను వాని
కరగకుండ రాయి కరిగిపోయె

నిర్వాహకుడు: గణాలు, యతులు బాగున్నాయమ్మా. కానీ కన్ను తుడుచుకున్నాడంటే కరిగినట్టే కదా. ‘కరగకుండ’ అన్న మాటకు పని లేకుండా పోయింది. చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

భీమిలి సభ్యుడు: మొన్న బీచ్‌లో గుప్పెడు నల్ల ఇసుక తెచ్చి, పేపరు మీద ఆరబోసి, కింద అయస్కాంతం పెట్టాను. అందులో ఇల్మనైట్ అనే ఖనిజం చాలామటుకు కదల్లేదు. మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం రేణువులు మాత్రం వెంట్రుకల్లా నిక్కబొడుచుకున్నాయి. అప్పుడు తట్టిన పద్యం:

లక్షలాదిగా నెలక్ట్రానులు బిగిసె
చలికి, వెచ్చనైన చాలు వరుస
చెదిరి పరుగు; కాని చెదరలే దణువులు;
కరగకుండ రాయి కరిగిపోయె

మాగ్నెటైట్‌లో రెండు ధనావేశాలున్న ఇనుము అయాన్లూ (ఆవేశమున్న పరమాణువులు), మూడున్నవీ కలిసి ఉంటాయి. తేడా ఒక్క ఎలక్ట్రాన్. సుమారు మైనస్ 150 డిగ్రీల కంటే చలిలో ఆ అదనపు ఎలక్ట్రాన్లు ఎక్కడివక్కడ కుదురుకుని, తమదే ఒక స్ఫటికంలా అమరిపోతాయి. కరెంటు సరిగా పారదు. ఆ గీత దాటి కాస్త వేడెక్కగానే అమరిక చెదిరి, ఎలక్ట్రాన్లు అయాను నుంచి అయానుకు గెంతుతాయి. వాహకత దాదాపు వంద రెట్లు పెరుగుతుంది. 1939లో డచ్ శాస్త్రవేత్త వెర్వే దీన్ని ఇలా వివరించాడు. అయాన్లు కొద్దిగా సర్దుకుంటాయే తప్ప రాయి చెక్కుచెదరదు. నిజంగా కరగాలంటే 1,500 డిగ్రీలు దాటాలి!

గాజువాక సభ్యుడు: మా అమ్మాయి పుస్తకంలో అణువంటే మాలిక్యూల్. ఇక్కడ అయాను అనాలి. లక్షలూ చాలవు, ఒక్క రేణువులోనే ఆ ఎలక్ట్రాన్లు కోటి కోట్లకు మించి ఉంటాయి.

భీమిలి సభ్యుడు: రెండూ నిజమే. ‘లేదయానులు’ అంటే గణం చెడుతోంది. అణువును సూక్ష్మమైనది అన్న పాత అర్థంలో తీసుకోండి. ‘లక్ష’ యతి కోసం పట్టుకున్నాను.

నిర్వాహకుడు: ఉంచండి. కరిగింది ఎలక్ట్రాన్ల వరుస, కరగనిది అయాన్ల కట్టు. రెండు మాటలకూ వేరువేరు కర్తలు దొరికాయి. ‘చెదిరి’కి ‘చెదరలేదు’ యతిగా పడటం ఎంత బాగుందో! ‘పరుగు’ దగ్గర మాత్రం క్రియ లేక కుంటింది, చూడండి.

పెదవాల్తేరు సభ్యురాలు: అయితే మేష్టారూ, నా మూడో పాదం మార్చుకుంటాను:

కంట చెమ్మ లేక కౌగిలించెను వాని