ఖడ్గమృగాలను కాలినడకన చూడటం: చిత్వన్ నడక సఫారీపై సలహా కావాలి

ప్రశ్న – వనవిహారి

నమస్కారం. వచ్చే ఫిబ్రవరిలో నేపాల్‌లోని చిత్వన్ జాతీయ వనానికి వెళ్లాలని మా నాన్నగారూ నేనూ అనుకుంటున్నాం. ఆయన జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. ఒంటికొమ్ము ఖడ్గమృగం గురించి ఏళ్ల తరబడి పాఠం చెప్పారే గాని, దాన్ని అడవిలో ఇంతవరకూ చూడలేదు. కాజీరంగాలో జీపులోనో ఏనుగు మీదో కూర్చుని చూడవచ్చని మాకు తెలుసు. అయితే చిత్వన్‌లో గైడ్ల వెంట నడుచుకుంటూ వెళ్లి చూసే వీలుందని తెలిసినప్పటి నుంచి ఆయన మనసు అటే లాగుతోంది.

ఆయనకు అరవై అయిదు దాటాయి. రోజూ ఉదయం క్రమం తప్పకుండా నడుస్తారు, ఆరోగ్యం బాగానే ఉంది, కానీ పరుగెత్తలేరు, చెట్టెక్కడం అసలే కుదరదు. ఖడ్గమృగం మీదికి వస్తే చెట్టెక్కమని అక్కడి గైడ్లు చెబుతారని చదివాక నాకు దిగులు పట్టుకుంది. ఇటువంటి వారిని నడకకు తీసుకువెళ్లడం సబబేనా? మంచి గైడును ఎలా గుర్తించాలి? మనం కాలినడకన దగ్గరికి వెళ్లడం వల్ల ఆ జంతువులకు ఇబ్బంది కలగదా అన్న సందేహం కూడా నాన్నగారికి ఉంది. స్వయంగా వెళ్లి వచ్చినవారు వివరంగా చెప్పగలిగితే ఎంతో మేలు చేసినవారవుతారు.

సమాధానం – సాలవనం

వనవిహారి గారూ, మీ నాన్నగారి కోరిక తీరనిదేమీ కాదు. అయితే చిత్వన్‌లో నడక ఎలా ఉంటుందో ముందు ఉన్నదున్నట్టు చెప్పాలి. అక్కడ మనతో వచ్చే గైడ్ల దగ్గర తుపాకీ ఉండదు, పొడవాటి కర్ర మాత్రమే ఉంటుంది. సందర్శకుల వెంట ఇద్దరు గైడ్లు వస్తారు, ఒకరు ముందు నడుస్తారు, మరొకరు వెనక. అడవిలో అడుగుపెట్టే ముందే ఏ జంతువు ఎదురైతే ఏం చేయాలో నిలబెట్టి చెబుతారు. పులి అయితే దాని మీద నుంచి చూపు తిప్పకుండా మెల్లగా వెనక్కి జరగాలి. ఎలుగుబంటి అయితే అందరూ ఒక్కచోట గుంపుగా నిలబడి చప్పుడు చేయాలి. ఖడ్గమృగం అయితే చెట్టెక్కాలి, కుదరకపోతే లావుపాటి చెట్టు చాటుకు చేరాలి, పరుగెత్తక తప్పనప్పుడు తిన్నగా కాకుండా వంకరటింకరగా పరుగెత్తాలి, భుజాన ఉన్న సంచినో పైబట్టనో దాని దారిలోకి విసిరేయాలి. ఖడ్గమృగానికి చూపు తక్కువ కాబట్టి ఈ ఉపాయాలు పనిచేసే అవకాశం ఉంది. కానీ రెండు టన్నుల బరువుండే ఆ జంతువు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు కనుక, ఇవన్నీ గత్యంతరం లేనప్పటి మాటలు. ఒంటికొమ్ము ఖడ్గమృగం కొమ్ముతో పొడవడం కన్నా కింది దవడలోని కోరల్లాంటి పళ్లతో కోయడమే ఎక్కువ అన్న సంగతి మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది. చిత్వన్ పరిసర గ్రామాల్లో గడ్డికీ కట్టెలకూ అడవిలోకి వెళ్లినవారు దీని దాడిలో ప్రాణాలు కోల్పోయారు. ఈ ప్రమాదాన్ని ఎవరైనా తేలిక చేసి మాట్లాడితే వారి మాట నమ్మకండి.

ఇంత చెప్పినా, వెళ్లవద్దని నేను అనను. చెట్టెక్కవలసిన పరిస్థితి రానివ్వకుండా నడిపించడంలోనే గైడు ప్రతిభ అంతా ఉంటుంది. ఖడ్గమృగం తనంత తానుగా మనుషుల్ని వెతుక్కుంటూ రాదు. పదడుగుల దూరంలో హఠాత్తుగా మనిషి ప్రత్యక్షమైనప్పుడో, పక్కన పిల్ల ఉన్నప్పుడో మీదికి వస్తుంది. అందువల్ల మీరు వెళ్లే కాలమూ నడిచే దారీ అన్నిటికన్నా ముఖ్యం. వర్షాలు వెనకబట్టాక చిత్వన్ మైదానాల్లో ఏనుగు గడ్డి మనిషి తల మీదుగా ఎంతో ఎత్తు లేచి ఉంటుంది. అందులో ఖడ్గమృగం రెండడుగుల అవతల ఉన్నా కనబడదు. జనవరి ప్రాంతంలో స్థానికులకు గడ్డి కోసుకునే అనుమతి ఇస్తారు, ఆ తర్వాత మిగిలిన గడ్డిని కాల్చుతారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొత్త చివుళ్ల కోసం జంతువులు బయటికి వస్తాయి, మనకు చూపు కూడా దూరం ఆనుతుంది. మీరు ఎంచుకున్న నెల సరైనదే. అప్పుడు కూడా గడ్డి దుబ్బుల మధ్య ఇరుకు దారుల్లోకి కాకుండా, సాలవృక్షాల అడవి అంచునా నది ఒడ్డునా నడిపించమని ముందే గట్టిగా చెప్పండి.

గైడును ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే. ఎప్పుడు వెనక్కి తిరుగుతారని అడుగుతాను. గాలి మారితే, పిల్లతో ఉన్న తల్లి కనిపిస్తే, దుబ్బులో కదలిక ఉండి జంతువు కనబడకపోతే తిరుగుతామని వెంటనే చెప్పేవారితో నిశ్చింతగా వెళ్లవచ్చు. ఖడ్గమృగాన్ని చూపించే పూచీ నాది, ఇరవై అడుగుల దూరం నుంచి ఫోటో తీయిస్తాను అనేవారు తక్కువ డబ్బు అడిగినా వద్దు. బాగా తెలిసిన గైడు దారి పొడవునా నేల చూస్తూ నడుస్తారు. మెత్తటి మట్టిలో మూడు వేళ్ల అడుగు కనిపిస్తే అంచులు ఆరాయా, లోపల నీరు ఊరుతోందా అని వంగి చూస్తారు. ఖడ్గమృగాలు పదే పదే ఒకేచోట పేడ వేస్తాయి కాబట్టి ఆ కుప్పలు మోకాలెత్తు పేరుకుని ఉంటాయి. పైపొర ఇంకా పచ్చగా, తడిగా మెరుస్తూ ఉంటే అంతవరకూ మాట్లాడుతున్న గైడు మాట ఆపేస్తారు, పిడికెడు దుమ్ము జారవిడిచి గాలి ఎటు వీస్తోందో చూస్తారు. మన వాసన దానికి చేరకుండా ఎదురుగాలికి తిరిగి నడిపిస్తారు. అక్కడి నుంచి చెవి కాస్త చప్పుడుకే ఉలిక్కిపడుతుంది. జీపులో కూర్చున్నప్పుడు ఈ అనుభవం రాదు, నడక విలువంతా ఇదేనని నా అభిప్రాయం.

సమాధానం – దక్షిణతీరం

సాలవనం గారు చెప్పిన జాగ్రత్తలన్నీ నిజమే. అయినా చెట్టెక్కలేని, పరుగెత్తలేని పెద్దవారికి మొదటి నడకగా చిత్వన్‌ను నేను సూచించను. నా అనుభవమంతా దక్షిణాఫ్రికాలోది, అక్కడి పద్ధతి పూర్తిగా వేరు. హ్లుహ్లువే-ఇంఫొలోజి వనంలో 1950ల చివర వన్యప్రాణి సంరక్షకుడు ఇయాన్ ప్లేయర్ ప్రారంభించిన అడవి నడకలు ఇప్పటికీ సాగుతున్నాయి. క్రూగర్ వనంలో అటువంటి నడకలు 1978లో మొదలయ్యాయి. బృందంలో ఎనిమిది మందికి మించనివ్వరు, శిక్షణ పొందిన ఇద్దరు గైడ్లు రైఫిళ్లతో ముందుంటారు, అందరూ ఒకరి వెనక ఒకరు వరుసగా, మాట లేకుండా నడవాలి. జంతువు ఎదురైతే అక్కడ మొదటి నియమం పరుగెత్తకపోవడం. గైడు చెప్పేదాకా నిలబడినచోటే నిలబడాలి, చెట్టు చాటుకు వెళ్లమంటే వెళ్లాలి. రైఫిలు వాడవలసి వచ్చిందంటే తమ పనిలో లోపం జరిగినట్టేనని అక్కడి గైడ్లు భావిస్తారు.

తెల్ల ఖడ్గమృగం గడ్డి మేసే జంతువు, పొట్టి గడ్డి మైదానాల్లో తిరుగుతుంది, స్వభావం కూడా మెతకే కనుక దూరం నుంచే గుర్తించి నిదానంగా చూడవచ్చు. నల్ల ఖడ్గమృగం పొదల్లో ఉంటుంది, దానికి కోపం ఎక్కువ. పేడ చూస్తేనే తేడా తెలుస్తుంది: తెల్లదాని పేడలో అరిగిన గడ్డి ఉంటుంది, నల్లదాని పేడలో కత్తితో ఏటవాలుగా కోసినట్టున్న పుల్లముక్కలు కనిపిస్తాయి. అటువంటి ముక్కలు తాజాగా కనిపించిన చోట మా గైడు మమ్మల్ని ముందుకు నడిపించకుండా మరో దారి పట్టించారు. నమీబియా ఎడారి ప్రాంతంలో 1982 నుంచి పనిచేస్తున్న సేవ్ ది రైనో ట్రస్ట్ జాడ తీసేవారితో కలిసి నల్ల ఖడ్గమృగాలను చూసే ఏర్పాట్లు ఉన్నాయి. అక్కడ దాన్ని కదిలించకుండా చాలా దూరంలోనే ఆగిపోతారు. ఉగాండాలో 1980లలో పూర్తిగా అంతరించిన ఖడ్గమృగాలను మళ్లీ పెంచుతున్న జీవా అభయారణ్యంలో రేంజరు వెంట నడిచి తెల్ల ఖడ్గమృగాలను చూడవచ్చు. నడక తక్కువ, నేల చదును, మీ నాన్నగారి వయసువారికి అది తేలిక. అయితే కంచె వేసిన చోటు, పూర్తి అడవి అనుభవం కోరేవారికి కొంత వెలితిగా ఉంటుంది. ఉగాండా ప్రయాణానికి పసుపు జ్వరం టీకా ధ్రువపత్రం తప్పనిసరి.

ఒక విషయం ముందే తెలిసి ఉండటం మంచిది. 2023లో దక్షిణాఫ్రికాలో వేటగాళ్లు 499 ఖడ్గమృగాలను చంపారు, వాటిలో 300కు పైగా హ్లుహ్లువే-ఇంఫొలోజిలోనివే. దానితో 2024 నుంచి అక్కడి ఖడ్గమృగాలకు కొమ్ములు కత్తిరించడం మొదలుపెట్టారు. మన గోళ్లలో ఉండే కెరటినే అది, మొదలంటా కాకుండా కోస్తే నొప్పి ఉండదు, మళ్లీ పెరుగుతుంది. అయినా కొమ్ములేని ఖడ్గమృగాన్ని మొదటిసారి చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది.

సమాధానం – రేవుగట్టు

మీ నాన్నగారు చూడాలనుకుంటున్నది ఒంటికొమ్ము ఖడ్గమృగాన్ని, అది ఆఫ్రికాలో లేదు. కాబట్టి వెళ్లవలసింది చిత్వన్‌కే. నడకే లక్ష్యం అనుకోకుండా, నడకను చివరికి ఉంచుకుంటే బాగుంటుంది. చిత్వన్ వనం అంచునున్న సౌరాహా ఊరి దగ్గర రాప్తీ నది ఒడ్డున సాయంకాలం కూర్చుంటే అవతలి గట్టున ఖడ్గమృగం నీటిలోకి దిగడం తరచుగా కనిపిస్తుంది. మరునాడు ఉదయం చెట్టు మానును తొలిచి చేసిన దోనెలో నది మీద వెళ్లండి, ఇసుక దిబ్బల మీద ఘరియల్ మొసళ్లు కూడా కనిపిస్తాయి. తర్వాత జీపు. ఇవన్నీ అయ్యాక, ఆయనకు ధైర్యం, ఓపిక ఉంటే ఉదయంపూట రెండు మూడు గంటల చిన్న నడక చాలు. రోజంతా నడిచే సఫారీ మాత్రం వద్దు. అలసిన కాళ్లతో సాయంత్రం అడవి నుంచి తిరిగి రావడమే అందులో కష్టమైన భాగం, జంతువులు మేతకు బయలుదేరేదీ ఆ వేళకే.

వనవిహారి

అందరికీ కృతజ్ఞతలు. రేవుగట్టు గారు చెప్పిన క్రమం నాన్నగారికి వెంటనే నచ్చింది. దక్షిణతీరం గారి అభ్యంతరం కూడా కొట్టిపారేయదగినది కాదు కాబట్టి, నడక సంగతి అక్కడి గైడును చూశాకే నిర్ణయిస్తాం. మా మొదటి ప్రశ్నలో ఒకటి మాత్రం మిగిలిపోయింది. మన నడక వల్ల ఆ జంతువులకు నష్టం లేదా?

సమాధానం – సాలవనం

మీ నాన్నగారు అడిగిన ఈ ప్రశ్నకే ముందు సమాధానం చెప్పి ఉండవలసింది. 1950లలో చిత్వన్ లోయలో వందల సంఖ్యలో ఉన్న ఖడ్గమృగాలు, మలేరియాను అదుపుచేశాక జనం వచ్చి అడవిని సాగులోకి తేవడంతోనూ వేటతోనూ 1960ల చివరికి సుమారు 100కు పడిపోయాయి. 1973లో జాతీయ వనం ఏర్పడింది, తర్వాత కాపలా నేపాల్ సైన్యం చేతికి వచ్చింది. 2021 లెక్కల్లో నేపాల్ మొత్తం మీద 752 ఖడ్గమృగాలు ఉండగా వాటిలో 694 చిత్వన్‌లోనే ఉన్నాయి. వనం రాబడిలో కొంత భాగం చుట్టుపక్కల గ్రామాలకు చేరుతుంది. అదే ఊళ్ల యువకులు గైడ్లుగా బతుకుతున్నారు. పంట నష్టాన్నీ ప్రాణనష్టాన్నీ భరిస్తున్న ఆ ఊళ్లు అడవిని తమదిగా చూసుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. కాబట్టి మన రాక వల్ల మేలు ఉంది.

నష్టం జరిగేది మనం దూరం పాటించనప్పుడు. మేస్తున్న ఖడ్గమృగం తల ఎత్తి, రెండు చెవులనూ మన వైపు తిప్పి నమలడం ఆపిందంటే మన ఉనికి దానికి తెలిసిపోయిందని అర్థం. అది మళ్లీ మేతలో పడేదాకా కదలకూడదు, పడకపోతే వెనక్కి తగ్గాలి. అక్కడి నుంచి ఇంకో నాలుగడుగులు ముందుకు వేద్దామని సందర్శకులే గైడును ఒత్తిడి చేయడం నేను చూశాను. ఆ ఒత్తిడి మీ బృందం నుంచి రాకుండా చూసుకోండి. తీసిన ఫోటోలను ఖడ్గమృగం ఉన్న చోటు తెలిసేలా వెంటనే ఇంటర్నెట్‌లో పెట్టకండి, ఫోన్‌లో లొకేషన్ ఆపేయండి. వేటగాళ్లకు ఆ సమాచారం పనికివస్తుంది.

బట్టలు మట్టిరంగువో ఆకుపచ్చవో అయి ఉండాలి, ఎరుపు, తెలుపు వద్దు. అత్తరు, ఘాటైన సబ్బు వాడకండి. ఫిబ్రవరి ఉదయాల్లో మంచు దట్టంగా కమ్ముకుంటుంది. పది అడుగుల దూరం కూడా కనబడని మంచులో నడక మొదలుపెట్టబోతే, అది విడిచేదాకా ఆగుదామని మీరే చెప్పండి. ఆ మాటకు గైడు ఏమంటారో చూస్తే, నాన్నగారిని ఆయన వెంట పంపవచ్చో లేదో మీకు తెలిసిపోతుంది.