తుంగభద్ర బురద నీటి నుంచి పర్యావరణ డీఎన్‌ఏ సేకరించడం ఎలా?

నమస్కారం. నేను కర్నూలులో జంతుశాస్త్రం పీజీ చదువుతున్నాను. సుంకేసుల ఆనకట్ట ఎగువన ఏయే చేపలున్నాయో వల వేయకుండానే, అవి నీటిలో వదిలే జిగురు, పొలుసు, మలాలలోని డీఎన్‌ఏ ద్వారా తెలుసుకోవాలన్నది నా ప్రాజెక్టు. లీటరు నీటిని సిరంజితో 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న ఫిల్టరు గుండా వడకట్టి, ఆ పొరను ఇథనాల్‌లో భద్రపరిచి, చేపల జాతులను గుర్తుపట్టడానికి వాడే 12ఎస్ అనే జన్యుభాగాన్ని పీసీఆర్‌తో (డీఎన్‌ఏ ముక్కకు ఎన్నో నకళ్లు తీసే పద్ధతి) పెంచి చూడాలనుకున్నాను.

వరద నీరు రాగానే లెక్క తప్పింది. 200 మిల్లీలీటర్లు దిగకముందే తెల్లటి పొర ఇటుకరంగు ముద్దగా మారింది. ఎంత నొక్కినా సిరంజి కదలలేదు. ఇంట్లో లాగా బిందెలో తేర్చుకుందామంటే, డీఎన్‌ఏలో కొంత మట్టి రేణువులకే అంటుకొని అడుగుకు చేరుతుంది, పైగా మన ఎండవేడికి త్వరగా క్షీణిస్తుంది. కుళ్లిన ఆకులు, మొక్కల నుంచి మట్టిలో చేరే హ్యూమిక్ ఆమ్లాలు పీసీఆర్‌ను అడ్డుకోవడం మరొక చిక్కు.

ఇటువంటి నీటికి 5 మైక్రాన్ల పొరతో ఎక్కువ నీరు వడకట్టడం మేలా, లేక చిన్న రంధ్రాల పొరలు నాలుగైదు వాడి, వాటి డీఎన్‌ఏను కలపడం మేలా? ఆమ్లాల బెడదకు నమూనాను పదింతలు పలుచన చేస్తే సరిపోతుందా, అలా చేస్తే అరుదైన చేపల జాడ పోదా? బురద నదులలో స్వయంగా పనిచేసినవారు దయచేసి తెలుపగలరు.