దిబ్బెరువు, డీఏపీ, జీవన ఎరువు ఒకే రోజు వేశా... టమాట పసుపు తిరుగుతోంది

అడిగింది: కళ్యాణదుర్గం రైతు

అన్నలకు నమస్కారం. మాది ఎర్రనేల, బోరు, డ్రిప్. ఎకరన్నర టమాట నాటి 22 రోజులైంది. నాటేముందు ఎకరాకు మూడు ట్రాక్టర్ల దిబ్బెరువు తోలించాను. అందులో శెనక్కాయ పొట్టు బాగా ఉంది. ఖర్చు తగ్గుతుందని జీవన ఎరువుల పొట్లాలు, అంటే నత్రజని అందించే అజోస్పైరిల్లం, భాస్వరాన్ని కరిగించే పీఎస్‌బీ సూక్ష్మజీవులు తెచ్చి, నత్రజని, భాస్వరం ఉండే డీఏపీలో కలిపి, పట్ట మీద కుప్ప పోసి మిట్టమధ్యాహ్నం సాళ్లలో చల్లాం. ఇప్పుడు కింది ఆకులు పసుపు తిరుగుతున్నాయి, మొక్క లేవడం లేదు. సేంద్రియం, రసాయనం ఒకదానికొకటి పడవని పక్క చేను మామ అంటున్నాడు. నిజమేనా? యూరియా వేయాలా, వద్దా?

పత్తికొండ టమాట

పడతాయి తమ్ముడూ. ఒకే కుప్పలో మాత్రం పడవు.

ముందు దిబ్బ సంగతి. మిగిలిన ఎరువులో చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా తగిలి, పొట్టు పొట్టుగానే ఉంటే అది మాగలేదు. ఆ పొట్టు కుళ్లడానికి మట్టిలోని సూక్ష్మజీవులు నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్కకు కరువొస్తుంది. కింది ఆకులు ముందు పసుపెక్కడం దాని గుర్తే. పచ్చి పెంటతో చెదలు, కలుపు అదనం.

ఇక పొట్లాలు. అవి ప్రాణమున్నవి. డీఏపీ ఉప్పులో, ఎండలో పోస్తే ఎన్ని బతుకుతాయి? నేనూ ఒక ఏడాది ఎండాకాలంలో రేకుల షెడ్డులో దాచి పోగొట్టుకున్నా.

నేను చేసేది చెప్తా. మాగిన ఎరువు, భాస్వరం కోసం ఎకరాకు మూడు బస్తాల సూపర్ ఫాస్ఫేట్ ఆఖరి దుక్కిలో. పది రోజులాగి, పొట్లాలను వంద కిలోల మెత్తటి ఎరువులో కలిపి, నీళ్లు చిలకరించి, వేపచెట్టు కింద తడి గోనె సంచులు కప్పి ఒక రాత్రి ఉంచుతా. మర్నాడు సాయంత్రం తడి సాళ్లలో వేసి మట్టి కప్పడమే. నత్రజని ఎకరాకు 60 కిలోలు, అంటే 45 కిలోల యూరియా బస్తాలు మూడు. 30, 45, 60 రోజులకు ఒక్కొక్కటి. చేను బాగుంటే నేను అందులో పావు వంతు తగ్గిస్తా. మొదటి ఏడే సగం తగ్గించే ధైర్యం నాకు లేదు, నువ్వూ చేయొద్దు.

నీకిప్పుడు యూరియా కావాలి. 30 రోజులదాకా ఆగకుండా ఎకరాకు అర బస్తా, రెండు విడతలుగా డ్రిప్‌లో వదులు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీళ్లలో కరిగే 19:19:19 ఎరువు లీటరుకు 5 గ్రాములు కలిపి పిచికారీ చేస్తే తొందరగా తేరుకుంటుంది.

మైదుకూరు నుంచి

పైన అన్న చెప్పింది సరే. ఒకటి అడుగుతా: ఏళ్లతరబడి శెనక్కాయకు డీఏపీ పోసిన చేనా అది? అలాగైతే మట్టి పరీక్ష చేయించు, భాస్వరం ఇప్పటికే నిండుగా ఉండొచ్చు. అప్పుడు బస్తా డీఏపీ దండగ. ఇంకోటి, పొట్లం మీద పేరు చదివావా? మాకొక అంగట్లో టమాటకని రైజోబియం అంటగట్టారు. అది పప్పుజాతి వేర్లకే పనికొస్తుంది.

కళ్యాణదుర్గం రైతు

దిబ్బలో చెయ్యి పెట్టాను అన్నా, శెనక్కాయ పొట్టు ఒలిచినది ఒలిచినట్టే ఉంది. మొదటి విడత యూరియా ఈ పొద్దున వదిలాను. పొట్లం కవర్ కూడా గట్టు మీద దొరికింది. పేరు సరైనదే, గడువు మాత్రం పోయిన నెలతోనే అయిపోయింది. మామకు ఇంకా చెప్పలేదు.