ఎల్డోరెట్–కంపాలా ఇంధన పైప్‌లైన్: వెయ్యాలా, వద్దా?

కంపాలా వాసి:
కెన్యాలో మొంబాసా రేవు నుంచి ఎల్డోరెట్ దాకా పెట్రోలు, డీజిల్ పైపులో వస్తాయి. ఆ పైపు అక్కడికి చేరింది 1994లో. అక్కణ్ణుంచి ఉగాండా రాజధాని కంపాలాకు సుమారు 350 కిలోమీటర్లు ఇప్పటికీ ట్యాంకర్లే దిక్కు. పైపు పొడిగించాలన్న మాట ముప్పై ఏళ్లుగా నలుగుతోంది. వెయ్యాల్సిందే అంటాను. 2022 జనవరిలో సరిహద్దు దగ్గర కోవిడ్ పరీక్ష ఫీజు కట్టలేమని డ్రైవర్లు బండ్లు ఆపేశారు. ఇక్కడ కొన్ని బంకుల్లో లీటరు ధర రెట్టింపు దాటింది. మా వీధి చివర బోడా బోడా (బైక్ ట్యాక్సీ) నడిపే కుర్రాడు వారం రోజులు బండి తీయలేదు. వాడి ఇల్లు గడిచేది ఆ బండి మీదే.

తీరం లేని దేశం:
మీ బాధ అర్థమైంది అండి. కానీ పైపు వేసినా వాల్వు కెన్యాలోనే ఉంటుంది కదా? 2008 జనవరిలో కెన్యా ఎన్నికల గొడవలతో ఉగాండాకు ఇంధనం ఆగిపోయింది. అలాంటి రోజుల్లో పైపు మాత్రం నడుస్తుందని ఎవరు హామీ ఇస్తారు? పైగా హోయిమా దగ్గర కబాలేలో రోజుకు 60,000 పీపాల ముడి చమురు శుద్ధి చేసే రిఫైనరీ కట్టాలని ఉగాండా చూస్తోంది. అది వస్తే ఈ పైపులో ఏం పారుతుంది? ఆ డబ్బేదో రిఫైనరీకే పెట్టాలి.

పంపు హౌస్:
పాత ప్రతిపాదనలోనే దీనికి జవాబుంది. రిఫైనరీ వచ్చాక కంపాలా నుంచి కెన్యా వైపు ఎదురు పంపేలా కట్టాలన్నారు. లిబియా కంపెనీ తామాయిల్‌కి పని అప్పగించారు, అది కదల్లేదు, చివరికి ఒప్పందమే పోయింది. లోపం ఆలోచనలో లేదు.

నన్ను వేధించేది ప్రాణాల లెక్క. 2009లో కెన్యాలోని సచాంగ్వాన్ దగ్గర ట్యాంకర్ బోల్తా పడితే పెట్రోలు పట్టుకోవడానికి ఊరు ఊరంతా వచ్చింది. మంటలంటుకుని వంద మందికి పైగా పోయారు. పైపులంటే నాకు పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను. కానీ 2011లో నైరోబీ సినాయ్ బస్తీలో పైపు కారి కాలవలో పెట్రోలు పారితే అక్కడా సుమారు వంద మంది కాలిపోయారు. ఆ బస్తీ పైపు మీదే పెరిగింది. లీకైన వెంటనే ఒత్తిడి పడిపోవడం కనిపెట్టి పంపు ఆపేయాలి, పైపు వెంట ఇళ్లు లేవకుండా మనుషులు రోజూ తిరగాలి. ఈ రెండింటికీ డబ్బు ముందే కేటాయించకపోతే నేనూ వద్దనే అంటాను.

కంపాలా వాసి:
సినాయ్ సంగతి నేను ఆలోచించలేదు అన్నా. మీ షరతు సబబే. నాది ఇంకొకటి: కెన్యా–ఉగాండా సరిహద్దు ఊరు మలబా దారిలో ట్యాంకర్లను నమ్ముకున్న డ్రైవర్లు, క్లీనర్లు, టీ కొట్ల వాళ్లు ఏమవుతారో పైపు ఖర్చులోనే రాయాలి.

తీరం లేని దేశం:
ఇంధనం పారకపోయినా కట్టాల్సిన కనీస రుసుము ఉంటే అది ఏ దేశం మీద పడుతుందో కూడా రాయమనండి. అది తేలేదాకా నేను రిఫైనరీ వైపే.